పుప్పొడిని ఆపిన ప్రొటీన్

 

హైబ్రిడ్ మాట ఎత్తగానే మన ఇళ్లల్లో రెండు రకాల ప్రశ్నలు లేస్తాయి. బజారు నుంచి వచ్చిన టమాటాలు చూసి అమ్మ, "ఇవి నాటువి కావు. వీటిలో ఏమేం కొత్త పదార్థాలు పుట్టి ఉంటాయో" అని అనుమానపడుతుంది. అదే ఇంట్లో బైపీసీ చదివే పిల్ల, "రెండు రకాల జన్యువులు ఒకచోట చేరాక వాటిలో మ్యుటేషన్ వస్తే, అంతకుముందు లేని ప్రొటీన్ తయారవుతుందా? అది కొత్త పనేదైనా చేస్తుందా?" అని అడుగుతుంది. ఒకరిది భయం, ఇంకొకరిది కుతూహలం. అడిగేది మాత్రం ఒకటే. జవాబు కోసం ప్రయోగశాలకే వెళ్లక్కర్లేదు. యాసంగిలో హుజూరాబాద్, జమ్మికుంట వైపు వెళ్తే పొలంలోనే కనబడుతుంది.

అక్కడి రైతులు దాన్ని "ఆడ-మగ వరి" అంటారు. హైబ్రిడ్ వరి విత్తనం పండించే సేద్యం అది. రెండు వరుసలు మగవి, పక్కన ఎనిమిదో పదో ఆడవి, మళ్లీ రెండు మగవి. మగ నారును ఒక్కసారే పోయరు, రెండు మూడు దఫాలుగా పోస్తారు. రెండింటి పూతా ఒకే రోజులకు కుదరకపోతే పంట పోయినట్టే మరి. ఆడ వరి వెన్ను పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు, అందుకని జిబ్బరెలిక్ ఆమ్లం పిచికారీ చేస్తారు. పూతకొచ్చిన రోజుల్లో పొద్దు కాస్త ఎక్కి పూలు విచ్చుకునే వేళ చూసి, ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని చేను మీదుగా తాడు గుంజుకుంటూ పోతారు. కొందరు కర్రలతో మగ వరుసలను దులుపుతారు. పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడాలి. మళ్లీ కాసేపాగి ఇంకోసారి. కోతలో మగ వరి ముందు, ఆడ వరి తర్వాత. రెండు గింజలూ కలిస్తే విత్తనం పనికిరాదు. దేశంలో నాటే హైబ్రిడ్ వరి విత్తనంలో అత్యధిక భాగం ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాల పొలాల్లోనే పండుతుంది. మనం సాంబ మసూరికి అలవాటుపడ్డవాళ్లం కాబట్టి ఆ విత్తనం ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, బిహార్, ఉత్తరప్రదేశ్ రైతుల చేలకు వెళ్లిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. వరి పూవులో ఆడా మగా రెండూ ఉంటాయి. ఆరు కేసరాలు, మధ్యలో అండాశయం. తన పుప్పొడితో తనే గింజ కట్టుకునే మొక్క అది. మరి ఆ ఎనిమిది వరుసలూ ఆడవి ఎలా అయ్యాయి? ఎవరూ కూర్చుని ఒక్కో పూవులోంచి కేసరాలు పీకలేదు. ఆ పూవును విప్పి చూడండి: కేసరాల తలలు సన్నగా, తెల్లగా, వడలి ఉంటాయి. పుప్పొడి పుట్టలేదు. పుట్టకుండా ఒక ప్రొటీన్ ఆపింది. ఇవాళ్టి కబుర్లన్నీ ఆ ప్రొటీన్ గురించే.

అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. 1970లో చైనా దక్షిణ కొసన హైనాన్ ద్వీపంలో, చిత్తడి నేలలో, అడవి వరి దుబ్బుల మధ్య పుప్పొడి రాని మొక్క ఒకటి దొరికింది. యువాన్ లాంగ్‌పింగ్ అనే చైనా వరి శాస్త్రవేత్త బృందం అలాంటి దానికోసమే ఏళ్లుగా వెతుకుతోంది. దాన్ని తల్లిగా పెట్టుకుని, సాగు వరి రకాలను తండ్రులుగా పెట్టి, మళ్లీ మళ్లీ సంకరం చేశారు. 1976కల్లా చైనా రైతులు హైబ్రిడ్ వరిని పెద్ద ఎత్తున నాటడం మొదలుపెట్టారు. అదే వంశం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు చేరి, అక్కడ ఐఆర్58025ఏ అనే ఆడ వరుసగా తయారైంది. 1994లో పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి ఏపీహెచ్ఆర్-1 వెలువడింది. మన దేశంలో విడుదలైన తొలి హైబ్రిడ్ వరి రకాల్లో అది ఒకటి. దాని తల్లి ఐఆర్58025ఏ, తండ్రి మన వజ్రం. అంటే హైనాన్ చిత్తడిలోని ఆ ఒక్క మొక్క నుంచి ఏదో ఒకటి తల్లుల వరసన దిగుతూ దిగుతూ గోదావరి డెల్టా దాకా వచ్చిందన్నమాట.

తల్లుల వరసన అని ఊరికే అనలేదు. జన్యువుల్లో ఎక్కువ భాగం కణ కేంద్రకంలో ఉంటాయి, అవి తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. కొద్దిపాటి జన్యువులు మాత్రం మైటోకాండ్రియాలో ఉంటాయి. వరిలో ఆ మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, పుప్పొడి వెంట రాదు. కాబట్టి అడవి వరి తల్లిని సాగు వరి తండ్రితో కలిపి, పుట్టిన బిడ్డను మళ్లీ అదే తండ్రి రకంతో కలిపి, తరం తర్వాత తరం అలా చేసుకుంటూ పోతే కేంద్రకం దాదాపు పూర్తిగా సాగు వరిది అయిపోతుంది. మైటోకాండ్రియా మాత్రం ఆ అడవి తల్లిదే మిగులుతుంది. బయటినుంచి చూస్తే అచ్చం సాగు వరే. లోపల మాత్రం ఒకరి ఇంట్లో మరొకరు కాపురం.

ఆ మైటోకాండ్రియాలో ఏముందో తేలడానికి చాలా కాలం పట్టింది. 2013లో గ్వాంగ్‌జౌలోని దక్షిణ చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని పట్టుకున్నారు. డబ్ల్యూఏ352 అనే జన్యువు. దాని నుంచి తయారయ్యే ప్రొటీన్‌లో 352 ఎమైనో ఆమ్లాలు. మామూలు సాగు వరిలో అలాంటి ప్రొటీన్ లేదు. మరి ఎక్కడిది? మైటోకాండ్రియా డీఎన్ఏ తరచూ తెగి, అటూ ఇటూ అతుక్కుంటూ ఉంటుంది. అలా తెగిన చోట్ల వేర్వేరు జన్యువుల ముక్కలు ఒకదాని పక్కన ఒకటి చేరాయి. పాత చీరల పేలికలు కలిపి కుట్టిన బొంతను చూశారు కదా, అట్లాంటి కుట్టుపని. ఒక పేలిక ఒక పాత జన్యువుది, ఇంకొకటి మరో జన్యువుది, మూడోది ఇంకో చోటిది. విడివిడిగా ఏ పేలికా చేయని పనిని బొంత చేస్తోంది.

ఆ పని ఏమిటంటే, పుప్పొడి సంచి లోగోడలో టపేటం అనే కణాల పొర ఒకటి ఉంటుంది. పెరిగే పుప్పొడికి ఆహారం అందించేది అదే. పుప్పొడి ఎదిగే క్రమంలో తగిన వేళకు ఆ పొర తనంతట తాను చచ్చిపోవాలి, అది ప్రకృతి పెట్టిన క్రమం. డబ్ల్యూఏ352 ప్రొటీన్ ఆ పొరలో పోగుపడి, కాక్స్11 అనే మరో ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. కాక్స్11 శ్వాసక్రియకు కావలసిన ఎంజైమును కూర్చడంలో సాయపడుతుంది, కణంలో పెరాక్సైడ్ మోతాదును అదుపులో ఉంచడంలోనూ దానికి పాత్ర ఉంది. దాని పనికి అడ్డం పడితే టపేటం వేళ కాని వేళ చచ్చిపోతుంది. పోషించే పొర ముందే పోయాక పుప్పొడి ఎలా నిలుస్తుంది? చూడండి, అతికిన ప్రొటీన్ మైటోకాండ్రియా జన్యువు చేసింది, దానికి చిక్కిన కాక్స్11 కేంద్రకంలోని జన్యువు చేసింది. మొక్క ఆకులు బాగుంటాయి, వేళ్లు బాగుంటాయి, అండాశయం బాగుంటుంది. పుప్పొడి ఒక్కటే లేదు.

కాబట్టి "కొత్త ప్రొటీన్, కొత్త పని వస్తాయా" అన్న ప్రశ్నకు, వస్తాయి అనే జవాబు. ఇది నిఖార్సయిన కొత్త ప్రొటీన్, పని కూడా కొత్తదే. కానీ ఇక్కడొక్క నిమిషం ఆగండి. దాన్ని పుట్టించింది సంకరమా?

కాదు. ఆ కుట్టుపని అడవి వరిలో ఎప్పుడో జరిగిపోయింది. అడవి వరిలో ఈ జన్యువు, దాని దగ్గరి చుట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. అయినా వాటిలో చాలా మొక్కలు చక్కగా పుప్పొడి ఇస్తాయి, ఎందుకంటే వాటి కేంద్రకంలో ఈ ప్రొటీన్‌ను అణిచే జన్యువులు కూడా ఉంటాయి. సంకరం చేసి, అణిచే జన్యువులు లేని కేంద్రకాన్ని ఆ మైటోకాండ్రియాతో కలిపినప్పుడే లోపలున్నది బయటపడింది.

ఈ మాటకు ఇంతకన్నా తేటగా సాక్ష్యం చెప్పే కథ మన పక్కనే, బెంగాల్‌లో ఉంది. హుగ్లీ జిల్లా చిన్సురా పేరు మీద 'చిన్సురా బోరో 2' అనే వరి ఉంది. ఆ రకం పొలంలో హాయిగా గింజ కడుతుంది, లోపమేమీ కనిపించదు. 1960లలో జపాన్ పరిశోధకుడు షింజో దాన్ని తల్లిగా పెట్టి, తైచుంగ్ 65 అనే జపోనికా రకంతో పదేపదే సంకరం చేశాడు. కేంద్రకం తైచుంగ్‌ది అయ్యేసరికి పుప్పొడి పనిచేయడం మానేసింది. కారణం ఓఆర్ఎఫ్79 అనే మైటోకాండ్రియా జన్యువు. అదీ అతుకుల జన్యువే. బోరో కేంద్రకంలో ఆర్ఎఫ్1 అనే చోట ఉన్న జన్యువులు ఓఆర్ఎఫ్79 సందేశాన్ని, అంటే ఆర్ఎన్ఏను, ముక్కలు చేసి పారేస్తాయి కాబట్టి అన్నాళ్లూ దాని ఉనికే తెలియలేదు. తైచుంగ్ కేంద్రకానికి ఆ ఉపాయం లేదు. సంకరం కొత్తగా ఏదీ పుట్టించలేదు, దాగి ఉన్నదాని ముసుగు తీసింది. హైబ్రిడ్ గురించి నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే.

మరి తొలి తరం హైబ్రిడ్ మొక్కలో ఏం జరుగుతుంది? అందులో కొత్త జన్యువు పుట్టాల్సిన పనే లేదు. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి. రెండూ పక్కపక్కన పనిచేస్తాయి. అయినా అక్కడ కూడా కొత్తదనం కనబడే సందర్భాలు ఉన్నాయి. 1960లో డ్రూ ష్వార్ట్జ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మొక్కజొన్నలో ఒక ఎంజైమును పరిశీలించాడు. రెండు ముక్కలు జతకూడితేనే ఆ ఎంజైము తయారవుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కో రకానికి ఒక్కో ఎంజైము. వాటి బిడ్డలో ఆ రెండూ ఉన్నాయి, ఇంకొకటి అదనంగా ఉంది. తల్లి ముక్క, తండ్రి ముక్క జతకూడి చేసిన మూడోది! తల్లిలోనూ లేదు, తండ్రిలోనూ లేదు. మ్యుటేషన్ ఒక్కటీ జరగలేదు. ఈ ప్రయోగం తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. హైబ్రిడ్‌లోని కొత్తదనంలో సింహభాగం ఈ కోవదే: పాతవాళ్లు కొత్తగా జతకూడటం.

పొద్దుతిరుగుడు దగ్గరికి వస్తే సంగతి ఇంకా రసవత్తరంగా ఉంటుంది. 1969లో ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ అనే ప్రజనన శాస్త్రవేత్త, పెటియోలారిస్ అనే అడవి జాతిని తల్లిగా పెట్టి మనం సాగుచేసే పొద్దుతిరుగుడుతో సంకరం చేశాడు. అందులోంచి పుప్పొడి లేని మొక్కలు వచ్చాయి. వాటి మైటోకాండ్రియా డీఎన్ఏలో ఒక పెద్ద ముక్క తలకిందులై ఉంది, దాని పక్కన ఇంకో ముక్క చొరబడి ఉంది. ఆ అతుకు దగ్గర ఓఆర్ఎఫ్‌హెచ్522 అనే జన్యువు ఏర్పడింది. మామూలు పొద్దుతిరుగుడులో అది లేదు. ఇవాళ ప్రపంచంలో సాగయ్యే పొద్దుతిరుగుడు హైబ్రిడ్లు దాదాపు అన్నీ ఆ ఒక్క సంకరం సంతానమే. కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో పసుపుపచ్చగా విరగబూసిన చేను చూసినప్పుడు, దాని విత్తనం వెనక ఆ అతుకు ఉందని గుర్తుచేసుకోండి.

ఆ రెండు జాతులే అమెరికా ఎడారి ప్రాంతాల్లో మనిషి ప్రమేయం లేకుండా తమంతట తాము సంకరమై, మూడు కొత్త జాతులను కన్నాయి. ఒకటి ఇసుక దిబ్బల మీద, ఒకటి ఎడారి నేలలో, ఒకటి చవుడు చిత్తడిలో బతుకుతుంది. తల్లిదండ్రులు బతకలేని చోట్లలో పిల్లలు బతుకుతున్నాయి! కొత్త ప్రొటీన్ల మహిమేనా అని ఎవరికైనా అనిపిస్తుంది. లోరెన్ రీస్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఆ పాత సంకరాన్ని మళ్లీ చేసి చూశాడు. ఆ ఎడారి గుణాల్లో ఎక్కువ భాగం రెండు జాతుల్లో అంతకుముందే ఉన్న జన్యువులు కొత్త వరుసలో కలవడం వల్లనే వచ్చాయని తేలింది. మరోపక్క ఆ మూడు జాతుల డీఎన్ఏలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారే 'గెంతే జన్యువుల' ప్రతులు విపరీతంగా పెరిగిపోయి ఉన్నాయి. గెంతే జన్యువులను కనుగొని 1983లో నోబెల్ అందుకున్న బార్బరా మెక్లింటాక్, దూరపు జాతుల సంకరం జన్యుసముదాయానికి గట్టి కుదుపు ఇవ్వగలదని ముందే అన్నది. కుదుపు మాట నిజమే. కుదిపినంత మాత్రాన ఉపయోగపడే ప్రొటీన్ రాలిపడదు. గెంతి వచ్చిన జన్యువు ఎక్కడో ఒకచోట దూరుతుంది, చాలాసార్లు ఏమీ కాదు, కొన్నిసార్లు ఉన్నది చెడుతుంది. పనికొచ్చేది అరుదు.

ఇక కష్టం కథ. ఇది చెప్పకుండా వదిలేస్తే అన్యాయమవుతుంది.

అమెరికాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం కావాలంటే ఆడ వరుసల్లో మొక్క మొక్కకూ నెత్తిన ఉండే మగ పూగుత్తిని చేత్తో విరిచేయాల్సి వచ్చేది. వేసవి సెలవుల్లో బడి పిల్లలు ఆ కూలికి పోయేవారు. టెక్సాస్‌లో పుప్పొడి రాని మొక్కజొన్న దొరికాక ఆ శ్రమ తప్పింది. విత్తన కంపెనీలన్నీ దాన్నే పట్టుకున్నాయి. 1970 నాటికి ఆ దేశంలో వేసిన మొక్కజొన్నలో సుమారు 85 శాతం టెక్సాస్ తల్లి సంతానమే. ఆ ఏడాది ఫ్లోరిడాలో ఆకుమచ్చ తెగులు కొత్త రూపంలో మొదలై, గాలివాటున ఉత్తరానికి పాకింది. దేశం మొత్తం మీద పంటలో సుమారు 15 శాతం పోయింది. దక్షిణాది రాష్ట్రాల్లో కొన్ని చేలు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తల్లి వంశానికి ఈ తెగులు ఎక్కువ సోకుతోందని ఫిలిప్పీన్స్ పరిశోధకులు 1961లోనే రాశారు. ఆ మాటను పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు. 1971లో మళ్లీ జనం చేలల్లో దిగి పూగుత్తులు విరిచారు.

కారణం 1980లలో తేలింది. టెక్సాస్ మైటోకాండ్రియాలోనూ అతుకుల జన్యువే ఉంది. దాని ప్రొటీన్ పేరు యూఆర్ఎఫ్13, పొడవు 115 ఎమైనో ఆమ్లాలు. ఆశ్చర్యం ఏమిటంటే దానికి వాడిన ముక్కల్లో చాలా భాగం అసలు ప్రొటీన్‌గా మారాల్సిన డీఎన్ఏ కానే కాదు. రైబోసోమ్‌లో భాగమయ్యే ఆర్ఎన్ఏకు చెందిన జన్యువు, దాని చుట్టుపక్కల ముక్కలు. ప్రొటీన్ ఊసే లేని చోటునుంచి ఒక ప్రొటీన్ పుట్టిందన్నమాట. అది మైటోకాండ్రియా పొరలో కూర్చుంటుంది. తెగులు శిలీంధ్రం వదిలిన విషం తగలగానే ఆ పొరలో రంధ్రాలు పడతాయి, లోపలున్నది కారిపోయి కణం చస్తుంది. మన రైతులకు తెలిసిన మిథోమిల్ అనే పురుగుమందు తగిలినా అదే జరుగుతుంది. ఆ జన్యువును తీసి బాక్టీరియాలో పెడితే, ఎన్నడూ మొక్కజొన్న ముఖం చూడని బాక్టీరియా కూడా ఆ విషానికి లొంగిపోయింది.

పుప్పొడి ఆపే గుణాన్ని ఉంచుకుని విషానికి లొంగే గుణాన్ని మాత్రం వదిలించుకోవాలని శాస్త్రవేత్తలు ఎంతో ప్రయత్నించారు. కణాలను గాజు పాత్రల్లో పెంచి, విషం పోసి, బతికినవాటి నుంచి మొక్కలు మొలిపించారు. విషం తట్టుకున్న ప్రతి మొక్కా మళ్లీ పుప్పొడి ఇవ్వడం మొదలుపెట్టింది! చాలావాటిలో ఆ జన్యువే ఎగిరిపోయింది. ఒక మొక్కలో జన్యువు ఉంది కానీ మధ్యలో 5 డీఎన్ఏ అక్షరాలు కొత్తగా చేరాయి. దాంతో చదువు వరస తప్పి ప్రొటీన్ సగంలోనే ఆగిపోయింది. రెండు గుణాలూ ఒక్క ప్రొటీన్‌వేనని అలా రుజువైంది. ఆ 5 అక్షరాల చేరికా మ్యుటేషనే సుమండీ. ఒక మ్యుటేషన్ ప్రొటీన్‌ను కుట్టింది, ఇంకో మ్యుటేషన్ ఆ కుట్టు విప్పింది.

అందుకే "కొత్త పని" అన్నప్పుడు ఎవరికి పని అని అడగాలి. రైతుకు, విత్తనోత్పత్తిదారుకు పుప్పొడి లేకపోవడం ఉపకారం. మొక్కకు నష్టం. మైటోకాండ్రియాకు? అది ఎలాగూ తల్లి ద్వారానే తర్వాతి తరానికి పోతుంది. పుప్పొడి ఉన్నా లేకపోయినా దానికి ఒకటే. పుప్పొడి మీద పెట్టే ఖర్చు మిగిలి మొక్క మరో నాలుగు గింజలు ఎక్కువ కడితే దానికి లాభమే. తులసి కుటుంబానికే చెందిన థైమ్ మొక్కల్లో కేవలం ఆడపూలు పూసేవి ఎక్కువ గింజలిస్తాయని డార్విన్ 1877లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు. ప్రకృతిలో ఈ ప్రొటీన్లు పదేపదే పుట్టడానికి, పుట్టినవి నిలవడానికి ఇదొక బలమైన కారణం.

దీనికి కేంద్రకం ఊరుకోదు. పీపీఆర్ అనే ప్రొటీన్ల పెద్ద కుటుంబం ఉంది, వరిలో అలాంటి జన్యువులు 450కి పైనే. ఆర్ఎన్ఏను గుర్తుపట్టి పట్టుకోవడం వాటి వృత్తి. వాటిలో కొన్ని మారి మారి, ఈ అతుకుల జన్యువుల ఆర్ఎన్ఏను పట్టుకోవడం నేర్చాయి. డబ్ల్యూఏ352ను అణిచే ఆర్ఎఫ్4 అలాంటిదే. ఆడ-మగ వరిలో మగ వరుస ఇచ్చేది ఈ జన్యువునే. అది లేకపోతే రైతు కొన్న హైబ్రిడ్ విత్తనం మొలిచి, పెరిగి, వెన్ను తీసి, తాలుగా మిగులుతుంది. మొక్కజొన్న కథలో ఇంకో విడ్డూరం ఉంది. అక్కడ పుప్పొడిని తిరిగి తెచ్చే జన్యువుల్లో ఆర్ఎఫ్2 ఒకటి. 1996లో దాన్ని విప్పి చూస్తే ఆల్డిహైడ్ డీహైడ్రోజనేజ్ అనే మామూలు ఎంజైము! టెక్సాస్ మైటోకాండ్రియా ఎన్నడూ ఎరగని మొక్కజొన్న రకాల్లో కూడా అది నిక్షేపంగా ఉంది. యూఆర్ఎఫ్13ను అది తగ్గించదు కూడా. తన పని తాను చేసుకుంటుంటే, కొత్త కాపురంలో ఆ పనే పుప్పొడికి రక్ష అయింది. అక్షరం మారకుండానే పాత ప్రొటీన్‌కు కొత్త బాధ్యత వచ్చిపడింది.

సంకరం నిజంగానే కొత్త ప్రొటీన్లకు చోటిచ్చే దారి ఒకటుంది, దానికి కాలం కావాలి. మన గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ చేలల్లో పండే అమెరికన్ పత్తి అలాంటిదే. పది, ఇరవై లక్షల ఏళ్ల కిందట ఒక ఆఫ్రికా-ఆసియా వైపు పత్తి, ఒక అమెరికా ఖండపు పత్తి కలిసి, రెండింటి క్రోమోజోములూ మొత్తంగా నిలిచిపోయి, 52 క్రోమోజోముల జాతి పుట్టింది. అప్పటినుంచి ప్రతి జన్యువుకూ అదనపు జత ఉంది. ఒకటి పాత పని చూసుకుంటుంటే రెండోదానికి మారే వెసులుబాటు దొరికింది. జీవపరిణామంలో జన్యువుల ప్రతులకు ఉన్న ఈ పాత్రను 1970లో సుసుము ఓనో పుస్తకమే రాసి వివరించాడు. పత్తిలో చిత్రం చూడండి: ఆ అమెరికా పూర్వీకుడికి వడకడానికి పనికొచ్చే దూదే లేదు. అయినా నేటి పత్తిలో దారం నాణ్యతను నిర్ణయించే జన్యుభాగాలు చాలా వరకు అతని వైపువే.

అతుకు వల్లే పని పుట్టిందని వేలెత్తి చూపే ప్రయోగం కావాలంటే ఈస్టు దగ్గరికి పోవాలి. లాగర్ బీరు పులియబెట్టే ఈస్టు రెండు జాతుల సంకరం. అందులో ఒక జాతి 2011లో పటగోనియా అడవుల్లో దొరికింది. మాల్టోట్రయోజ్ అనే చక్కెరను అది కణంలోకి తీసుకోలేదు. 2019లో రెండు వేర్వేరు బృందాలు దాన్ని ఆ చక్కెర మీదే పెంచుతూ పోయాయి. చివరికి ఆ చక్కెరను మోసుకొచ్చే ప్రొటీన్ పుట్టింది. అది మోయలేని పాత ప్రొటీన్ల జన్యువులు తెగి, ఒకదానికొకటి అతుక్కోగా వచ్చినదే!

అమ్మ అనుమానానికి కూడా జవాబు చెప్పాలి కదా. టమాటా హైబ్రిడ్ చేసినంత మాత్రాన అందులో కొత్త ప్రొటీన్ పుట్టదు, తల్లి టమాటావి, తండ్రి టమాటావి ఉంటాయి, మహా అయితే అవి కొత్తగా జతకూడతాయి. హైబ్రిడ్ వరిలోని డబ్ల్యూఏ352 ప్రొటీన్ పుప్పొడి సంచి గోడలో పోగుపడేది, అన్నంగా మన కంచంలోకి వచ్చే భాగం అది కాదు. నాటు టమాటా రుచి బాగుంటుందనుకో అమ్మా, అదే కొను. భయంతో మాత్రం హైబ్రిడ్‌ను పక్కన పెట్టకు.

నాకు ఆందోళన ఉన్నది వేరే చోట. మన దేశంలో రైతులు వేసే హైబ్రిడ్ వరి రకాల్లో దాదాపు అన్నింటికీ తల్లి ఆ హైనాన్ వంశమే. పొద్దుతిరుగుడుకూ ఒకే తల్లి. డబ్ల్యూఏ352 ఏ శిలీంధ్రపు విషానికైనా లొంగిన దాఖలా లేదు. నలభై ఏళ్లకు పైగా కోట్ల ఎకరాల్లో నిలబడింది, దాన్ని తక్కువ చేయను. కానీ టెక్సాస్ తల్లి కూడా తెగులు వచ్చేదాకా మంచిదే. ఆ దెబ్బ తర్వాత 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రధాన పంటల జన్యు బలహీనత మీద నివేదిక వెలువరించింది. అందులో వేలెత్తి చూపింది మొక్కజొన్న ఒక్కదాన్నే కాదు, ఒకే పోలికకు కుదించుకుపోయిన పంటలన్నింటినీ. వరికి వేరే తల్లులు లేకపోలేదు. చిన్సురా బోరో వంశం ఉంది, చైనాలో హాంగ్‌లియన్ అనే ఇంకో అడవి వరి వంశం ఉంది, అసలు మైటోకాండ్రియాతో నిమిత్తం లేకుండా వేడికో పగటి నిడివికో పుప్పొడి మానే రకాలూ ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో మన వరి పరిశోధన సంస్థ ఉంది, మార్టేరు ఉంది. ఆ వేరే తల్లులతో మంచి గింజ ఇచ్చే వరుసలు తయారుచేయడం పదేళ్లు పట్టే పని, వెంటనే లాభం కనబడని పని. అందుకే దానికి ప్రభుత్వ డబ్బు కావాలి. హుజూరాబాద్‌లో తాడు గుంజే రైతు ఏ కంపెనీకి విత్తనం పండించినా, అతని ఆడ వరుసలన్నీ ఒకే తల్లి బిడ్డలు కాకుండా చూడాల్సిన బాధ్యత ఆ సంస్థలది, వాటికి నిధులిచ్చే ప్రభుత్వాలది.